హాజరులో ఉన్న పేరు

పెర్కిట్, ఆర్మూర్ మండలం
25 ఏప్రిల్ 2005

పద్మలత మేడం గారికి ఆశమ్మ వందనాలు చెప్పి రాసేది.

నేనెవరో మీకు గుర్తుండదు. పోయిన నెల మీరు నలుగురు హైదరాబాద్ నుంచి వచ్చి, మా వాడలో చర్చి వెనక రేకుల షెడ్డులో పిల్లలకు ఉచితంగా పరీక్షలు పెట్టారు గదా. ఎవరికి చదువు ఎందుకు రావట్లేదో చూస్తామన్నారు. అందులో మూడో తరగతి కరుణశ్రీ తల్లిని నేను. ఆ రోజు పసుపు ఏరే పని మీది నుంచి నేరుగా వచ్చాను. చీరంతా పసుపు దుమ్మే. అందుకని లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడితే మీరే కుర్చీ తెచ్చి వేశారు. అట్లన్నా గుర్తుపడతారేమో.

మీరు పంపిన కాగితం హెడ్మాస్టరు ధర్మయ్య సారు ఇచ్చారు. నేను చదివింది నాలుగో తరగతి. రోజూ బైబిలు చదువుతాను గనుక అక్షరాలు మరచిపోలేదు, కానీ మీ కాగితంలో సగం ఇంగ్లీషు. సారే చదివి, "ఆశమ్మా, నీ బిడ్డకు డెబ్బై వచ్చింది" అన్నారు. నాకు మస్తు సంతోషమైంది. నూటికి డెబ్బై అంటే ఫస్టు క్లాసు గదా. "మంచిగనే వచ్చినయి గద సార్" అన్నాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "గవి గసొంటి మార్కులు గావమ్మా" అన్నారు.

తర్వాత నెమ్మదిగా చెప్పారు. బుద్ధి ఎదగని పిల్లల కోసం నిజామాబాద్‌లో వేరే బడి ఉందట. హాస్టల్ కూడా అక్కడేనట. జూన్ పదో తారీఖు లోపల నేను సంతకం పెడితే మీరు సీటు ఇప్పిస్తారట.

మేడం, నా బిడ్డ పిచ్చిది కాదు. నేను బీడీలు చుడుతుంటే పక్కన కూర్చొని ఇరవై ఐదేసి లెక్కపెట్టి కట్టలు కడుతుంది. ఒక్కటి తప్పదు. మీరు అడిగినవి గుమ్మంలోంచి నేనూ విన్నాను. రైలు ఆలస్యమైతే స్టేషన్‌లో ఏం చేస్తావని అడిగారు. మా ఆర్మూర్‌కు రైలే రాదు. "బస్సెక్కుత" అంది. మీరు నవ్వారు. మార్కు వేశారో లేదో తెలియదు.

మా పక్కింటి లసుమవ్వకు చెబితే నామీదికే లేచింది. "ఏందే, గా పట్నపామె గంటసేపు బొమ్మలు జూపిచ్చి నీ బిడ్డ తెలివి కొలిచిందా? మొన్న నా మ్యాకపిల్ల తప్పిపోతే ఏ సందుల దూరిందో పట్టుకొచ్చింది నీ బిడ్డనే. గామెను తెమ్మను సూద్దాం!" అంది.

దాన్ని పంపించి నేనుండలేను మేడం. దాని తండ్రి జయరాజ్ మస్కట్‌లో కూలి పని. ఇంట్లో నాకున్నది అదొక్కతే. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? జవాబు తెలుగులో రాయండి.

కరుణశ్రీ తల్లి,
ఆశమ్మ


హైదరాబాద్
4 మే 2005

ఆశమ్మ గారికి నమస్కారం.

మీరు బాగా గుర్తున్నారు. కుర్చీ వేసినా అంచు మీదే కూర్చున్నారు.

ముందుగా ఒక మాట. పిచ్చి అని మేము రాయలేదు, ఎవరి గురించీ రాయం. నేను ఇక్కడ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. సెలవుల్లో స్నేహితులతో కలిసి ఊళ్లు తిరిగి ఈ పరీక్షలు చేస్తుంటాం. డెబ్బై అంటే ఏమిటో ఇంగ్లీషులో రాసి పంపడం నా తప్పు. ఇప్పుడు చెబుతాను.

పిల్ల ఎన్నింటికి సరిగ్గా జవాబిచ్చిందో చూస్తాం. మామూలుగా ఎన్నేళ్ల పిల్లలు అన్నింటికి జవాబిస్తారో మా దగ్గర పట్టిక ఉంటుంది. కరుణశ్రీ ఏడేళ్లు దాటిన పిల్ల చేసేంత చేసింది. కానీ బడి రిజిస్టర్ ప్రకారం ఆమె పుట్టింది 1995 ఫిబ్రవరి 11న. పదేళ్లు నిండాయి. పదేళ్ల పిల్ల ఏడేళ్ల పిల్లలా చేస్తే ఆ లెక్క డెబ్బై దగ్గరకొస్తుంది. వయసుకు తగ్గట్టు చేస్తే నూరు. అంతే.

ఇంకా కొన్ని రాసుకున్నాను. మనిషి వయసుకు చాలా చిన్నగా ఉంది. తిండి చాలడం లేదేమో అనుకున్నాను. పేరు పెట్టి పిలిస్తే రెండోసారికి గాని తల తిప్పలేదు, అందుకే ధ్యాస తక్కువని రాశాను. మీ ఇంట్లోవాళ్ల బొమ్మ గీయమంటే అమ్మ, నాన్న, ఇద్దరు ఆడపిల్లల్ని గీసింది. ఆ పెద్ద పిల్ల ఎవరంటే పెన్సిలు కింద పెట్టేసింది. మీకు ఒక్కతే కూతురని సారు చెప్పారే!

ఆ బడిలో పదిమంది పిల్లలకొక టీచరు. అక్కడ కరుణశ్రీ తన వేగంతో నేర్చుకోగలదు. ఇక్కడే ఉంటే ఏటేటా వెనకబడుతుంది, మిగతా పిల్లలు ఎగతాళి చేస్తారు. సీట్లు తక్కువ. జూన్ పది దాటితే వేరే పిల్లకు ఇచ్చేస్తారు.

మీరు నాకు మూడు విషయాలు రాయాలి. పిల్ల ఎన్నో నెలలో నడిచింది? మాటలు ఎప్పుడొచ్చాయి? పెద్ద జబ్బు ఏదైనా చేసిందా? ఉన్నది ఉన్నట్టు రాయండి. దాని మీదే పిల్ల భవిష్యత్తు ఆధారపడి ఉంది.

పద్మలత


పెర్కిట్
15 మే 2005

మేడం గారికి,

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు.

కరుణశ్రీ పదో నెలలో నడిచింది. గోడ పట్టుకోకుండా నడిచింది. ఏడాదిన్నరకే మాటలన్నీ వచ్చాయి. మూడేళ్లప్పుడు చర్చిలో ముందు నిలబడి పాట పాడితే పాస్టరు గారు ఎత్తుకున్నారు. ఎవరికీ భయపడేది కాదు. ఆరేళ్లు దాటాక జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఇక్కడే చూపించాము. తగ్గకపోతే నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాము.

బొమ్మ సంగతి ఏం చెప్పను. చిన్నపిల్ల ఏదో గీసింది.

మీరు చదువుకున్నవారు. ఆ బడి మంచిదంటున్నారు. సంతకం పెడతాను. కాగితం పంపండి.

కరుణశ్రీ తల్లి,
ఆశమ్మ


హైదరాబాద్
22 మే 2005

ఆశమ్మ గారికి,

సంతకం పెట్టాల్సిన కాగితం దీనితో పంపుతున్నాను. మంచి నిర్ణయం తీసుకున్నారు.

మీ ఉత్తరం మా ప్రొఫెసరు గారికి కూడా చూపించాను. పది నెలలకే నడిచి, మూడేళ్లకే పదిమందిలో పాడిన పిల్ల ఇంత వెనకబడిందంటే కారణం ఆ జ్వరమే అయ్యుండాలి. కొన్ని జ్వరాలు మెదడును దెబ్బతీస్తాయి. అలా జరిగిన పిల్లలు ఎదగడం అక్కడే ఆగిపోయినట్టు కనిపిస్తారు. మీ అమ్మాయి విషయంలో నాకు అర్థం కానివన్నీ దీనితో కలుస్తున్నాయి.

దవాఖాన చీటీలు ఉంటే పంపండి. ఇంకొక్క ప్రశ్న ఉంది. బాగా గుర్తు చేసుకొని రాయండి. ఆ జ్వరం తర్వాత పిల్లలో ఏం మార్పు కనిపించింది?

పద్మలత


పెర్కిట్
30 మే 2005

మేడం గారికి,

ఆ జ్వరం తర్వాత నా బిడ్డ లేదు మేడం.

చనిపోయి ఈ వానాకాలానికి నాలుగేళ్లవుతుంది. మీరు పరీక్ష పెట్టింది దాని చెల్లెలికి. దాని పేరు ప్రియ.

పొద్దుటి నుంచి నాలుగు కాగితాలు చింపాను. ఎట్లా రాయాలో తెలియక, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. కరుణశ్రీని ఆరేళ్లు దాటాక ఒకటో తరగతిలో వేశాము. రెండు నెలలు నిండకముందే జ్వరమొచ్చి పోయింది. వాళ్ల నాన్న మస్కట్ నుంచి రాలేకపోయాడు. అప్పుడున్న సారు బదిలీ మీద వెళ్లిపోయారు. బడికి పోయి మేము చెప్పలేదు. ఏమని చెబుతాము? పేరు రిజిస్టర్‌లో అట్లాగే ఉండిపోయింది.

మరుసటి ఏడు జూన్‌లో ధర్మయ్య సారు కొత్తగా వచ్చారు. బడి మానేసిన పిల్లల లిస్టు పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతూ మా గుమ్మంలోకి వచ్చి, "కరుణశ్రీ ఇల్లు గిదేనామ్మా? ఏడాది సంది బడికొస్త లేదేంది? బీడీలకు కూసుండవెట్టినవా?" అని గట్టిగా అడిగారు.

మేడం, అప్పటికి పది నెలలుగా ఆ పేరు ఎవరూ నా ముందు పలకలేదు. నాకు దుఃఖమొస్తుందని చర్చిలో, వాడలో అందరూ ఆ పేరు దాటేసి మాట్లాడేవాళ్లు. ఈయన తెలియక, బతికి ఉన్న పిల్లను అడిగినట్టు అడిగారు. ప్రియ నా కొంగు పట్టుకొని నిలబడి ఉంది. నాలుగున్నరేళ్లది. దాని భుజం మీద చెయ్యి వేసి, "గిదే సార్" అన్నాను.

"గింత పొట్టిగున్నదేంది?"

"జ్వరమొచ్చి గిట్లయింది సార్."

అంతే. ఆ రెండు మాటలతో మూడేళ్లు గడిచాయి. సారు పోయాక ప్రియకు చెప్పాను, "బడిల నిన్ను అక్క పేరుతోని పిలుస్తరు, పలుకు" అని. "మరి అక్కొస్తే దానికేం పేరు వెడ్తవ్?" అని అడిగింది. వాడలో అందరూ ప్రియ అనే పిలుస్తారు. బడి పేరు వేరని తెలిసినవాళ్లు, చనిపోయిన బిడ్డ గుర్తుకు పెట్టుకుందనుకున్నారు. ఆ పేరుతో పాటు పుట్టిన తేదీ కూడా వస్తుందని నాకే తోచలేదు, వాళ్లకేం తోస్తుంది? రోజూ పొద్దున బీడీల చాట పక్కన పెట్టి బడి గోడ దాకా పోతాను. సారు హాజరు పిలుస్తారు. "కరుణశ్రీ" అంటారు. "ఉన్న సార్" అని వినబడుతుంది. ఆ గొంతు ప్రియదని తెలుసు. తెలిసీ పోతాను.

మొదటి ఉత్తరం అప్పుడే చెప్పవలసింది. వయసును బట్టి లెక్క కడతారని మీరు రాసిన రోజే నాకు అర్థమైంది. అయినా దాని అక్క నడకా మాటలూ రాసి పంపాను. నిజం చెబితే రిజిస్టర్‌లో ఆ పేరు కొట్టేస్తారు. ఉన్న బిడ్డను హాస్టల్‌కు పంపడానికి ఒప్పుకున్నాను గాని, లేని బిడ్డ పేరు కొట్టేయడానికి నాకు మనసు రాలేదు. ఇట్లా రాస్తుంటే నన్ను చూసి నాకే భయమవుతోంది.

మీ కాగితం మీద సంతకం పెడదామని నిన్న కూర్చున్నాను. ప్రియ వచ్చి నా వీపుకు ఆనుకొని కూర్చుంది. "అమ్మా, గా హాస్టల్ల గుడ నాది అక్క పేరేనా?" అంది. ఔనన్నాను. "మరి గాడ నన్ను ప్రియా అని పిలిచేటోళ్లు ఎవరుంటరు?"

పెన్ను పక్కన పెట్టాను. ఆ కాగితం ఖాళీగానే తిరిగి పంపుతున్నాను. ప్రియ పుట్టింది 1997 డిసెంబరు 18న. బాప్తిస్మమిచ్చినప్పుడు చర్చి పుస్తకంలో రాశారు. నన్ను ఏం చేస్తారో నాకు తెలియదు. జైలంటే జైలుకే పోతాను. బిడ్డను మాత్రం సరిగ్గా కొలవండి.

ఆశమ్మ


హైదరాబాద్
4 జూన్ 2005

ఆశక్కా,

ఇలా పిలవచ్చో లేదో తెలియదు. గారు అని రాయబోతే చెయ్యి సాగలేదు.

ముందు నువ్వు వినాల్సిన మాట. ప్రియ జవాబుల కాగితాలు మళ్లీ తీసి, నువ్వు రాసిన తేదీతో లెక్క వేశాను. పరీక్ష రోజుకు దాని వయసు ఏడేళ్ల మూడు నెలలు. తొంభై ఎనిమిది వచ్చింది. మనసు ఒప్పక మా ప్రొఫెసరు గారితో ఇంకోసారి వేయించాను. అదే వచ్చింది. ప్రియకు ఏ లోపమూ లేదు. నాలుగున్నరేళ్లకే బళ్లో కూర్చొని, తనకన్నా పెద్ద పిల్లల పాఠాలతో మూడేళ్లు కుస్తీ పట్టింది. నిజామాబాద్ సీటు వద్దని ఫోన్ చేసి చెప్పేశాను.

ఇక నా సంగతి. నీ రెండో ఉత్తరం మా మీటింగులో గొప్పగా చదివి వినిపించాను అక్కా. జ్వరంతో మెదడు దెబ్బతిన్న పిల్ల అని, నేనే కనిపెట్టానని. ఏడేళ్ల పిల్ల నా ఎదురుగా కూర్చొని ఏడేళ్ల పిల్లలాగే ఉంది. ఏడేళ్ల ఎత్తు, ఏడేళ్ల పళ్లు. ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. పదేళ్లకు అవి ఎప్పుడో రావాలి. చూశాను, చూసి కూడా రిజిస్టర్‌నే నమ్మాను. తనది కాని పేరుకు తల తిప్పలేదని ధ్యాస తక్కువ అని రాశాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని పట్టుకొని ఏం మార్పు కనిపించిందని అడిగాను. ఆ మాటకు క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు.

మీ వాడలో మొత్తం ముప్ఫై ఒక్క మంది పిల్లల్ని చూశాం. అందరి వయసూ ఆ రిజిస్టర్‌లోంచే రాసుకున్నాం. బళ్లో వేసేటప్పుడు గుర్తున్న తేదీ ఏదో ఒకటి చెప్పేసిన తల్లులు ఇంకెంతమంది ఉన్నారో! జూలైలో మళ్లీ వస్తున్నాం. ఈసారి ముందు తల్లులతో కూర్చుంటాం, తర్వాతే పిల్లలతో.

నిన్నెవరూ జైలుకు పంపరు. కానీ రిజిస్టర్ అలాగే ఉంటే పదో తరగతి సర్టిఫికెట్ దాకా ప్రియ వెంట అదే పేరు, అదే వయసు వస్తాయి. సారుకు నేను ఉత్తరం రాయగలను. రాయడం లేదు. అది నువ్వు నీ నోటితో చెప్పాల్సిన మాట అనిపిస్తోంది. కష్టమని తెలుసు. ఇక్కడ కూర్చొని నీకు చెప్పడం నాకు సులువని కూడా తెలుసు.

పద్మలత


పెర్కిట్
21 జూన్ 2005

చెల్లె పద్మలతకు,

అక్కా అన్నావు గనుక చెల్లె అనే రాస్తున్నాను.

బడి తెరిచిన నాలుగో రోజు చర్చి పుస్తకంలోంచి రాయించిన చీటీ తీసుకొని పోయాను. తోడుకు లసుమవ్వ వచ్చింది. దారి పొడుగునా, "నీ నోరు వెగలకుంటె చెప్పు, నేను జెప్త" అంటూనే ఉంది. గేటు దగ్గరే నిలబెట్టి నేనొక్కదాన్నే లోపలికి పోయాను.

అంతా విని సారు మొదట కోపం చేశారు. "నా నౌకరి ఊడగొట్టాలనుకున్నవా ఆశమ్మా? రేపు ఆఫీసరొచ్చి అడిగితే నేనేం జెప్పాలె?" అని లేచి నిలబడ్డారు. చర్చి చీటీ బల్ల మీద పెట్టాను. కాసేపటికి ఆయనే కూర్చున్నారు. "నేను గుడ సూసిన. ప్రతి ఏడు అనుకున్న, పొట్టిగున్నదేందని. మీ వాడ పిల్లలు గట్లనే ఉంటరనుకొని ఇడిసిపెట్టిన" అన్నారు.

పెద్ద రిజిస్టర్ తెచ్చారు. ఒక గీత వెంట వేలు పెట్టి చూపించారు. కరుణశ్రీ, తండ్రి జయరాజ్, పుట్టిన తేదీ. చివర రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఒకటి బడి విడిచిన తేదీకి, ఇంకొకటి కారణానికి. సారు పెన్ను పట్టుకొని నా మొఖం చూశారు. రాయలేదు. నేను చెప్పాలి.

చెల్లె, బిడ్డను మట్టి చేసిన రోజు కూడా నేను ఆ మాట అనలేదు. ఎవరన్నా అడిగితే "పోయింది" అనేదాన్ని. అది ఎక్కడికన్నా పోయినట్టు. "చనిపోయింది సార్. రెండు వేల ఒకటి, ఆగస్టు ఏడు, మంగళవారం" అన్నాను. వారం ఎందుకు చెప్పానో తెలియదు. సారు రాశారు. ఎర్ర సిరాతో పేరు మీద సన్నగా గీత గీశారు. పేరు కింద నుంచి కనబడుతూనే ఉంది.

తర్వాత కొత్త గీతలో ప్రియ పేరు రాశారు. దాని వయసు పిల్లలు మూడో తరగతిలో ఉంటారట, మళ్లీ మూడులోనే కూర్చోబెడతానన్నారు. ఇంటికొచ్చి చెబితే ప్రియ ఏడ్చింది. "నేను ఫెయిల్ గాలేదు గద, మల్ల మూడులనే ఎందుకు?" అని అన్నం ముట్టలేదు. మొన్నటి దోస్తులందరూ నాలుగులోకి పోయారు. కొత్త తరగతిలో ఒక పిల్ల "నీకు రెండు పేర్లా?" అని అడిగిందట. ఇంకా కోపంగానే ఉంది. జూలైలో నువ్వొస్తే నిన్నూ తిడుతుంది. పడు.

ఇంకొకటి రాయాలి. దానికోసమే ఈ ఉత్తరం.

నేను లేవబోతుంటే సారు, "జర కూసో ఆశమ్మా" అని మూలనున్న ఇనుప పెట్టె తెరిచారు. అందులో పాత హాజరు పుస్తకాలున్నాయి. దుమ్ము దులిపి ఒక్కొక్కటి తీసి చూశారు. 2001ది అట్టడుగున దొరికింది. పేజీ తిప్పి వేలితో లెక్కపెట్టసాగారు. పెదాలు కదులుతున్నాయి గాని మాట వినబడలేదు. ఒకసారి తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

"ముప్పై ఎనిమిది రోజులొచ్చింది నీ బిడ్డ. జ్వరమొచ్చేదాంక ఒక్క నాగా లేదు."

ఆ పుస్తకం నా ముందు పెట్టారు. పేరుకెదురుగా చిన్న చిన్న టిక్కులు. జూన్ పదమూడు నుంచి జూలై ఆఖరు దాకా. ఒక రోజు మస్తు వాన పడింది, వద్దంటే వినకుండా పోయింది. ఆ రోజుకూ టిక్కు ఉంది. ఈ మూడేళ్లు నేను గోడ దగ్గర విన్న రోజులన్నీ ప్రియవి. అవి ప్రియకు ఇచ్చేశాను. ఇవి మాత్రం కరుణశ్రీ తన కాళ్లతో నడిచి వచ్చినవి.

"సార్, గా పెద్ద రిజిస్టర్ల ముప్పై ఎనిమిది రోజులని రాయుండ్రి" అన్నాను.

"గట్ల రాసెతందుకు గడి లేదమ్మా" అన్నారు సారు.

నేను కూర్చునే ఉన్నాను. ఆయన కాసేపు రిజిస్టర్‌ను చూశారు. ఎర్ర పెన్ను మూత పెట్టి జేబులోంచి నీలం పెన్ను తీశారు. గళ్లన్నీ అయిపోయాక అంచున వేలెడు ఖాళీ ఉంటుంది గదా, అక్కడ రాశారు.

ఆశమ్మ